రిజిస్టర్లో పేరు

పోయిన నెల హాస్టల్ పిల్లలు నాకో జపాన్ యానిమే అంటగట్టారు. "సార్, ఇందులో మీలాంటి మాస్టారుంటాడు, పొద్దస్తమానం నిరాశే" అన్నారు. 'సయొనార జెత్సుబో సెన్సే'. కోజీ కుమెతా మాంగాని షాఫ్ట్ స్టూడియో తీసింది. రెండో సీజన్ 2008 జనవరి నుంచి మార్చి దాకా వచ్చింది, 13 ఎపిసోడ్లు. దానికి పేరు ముందు 'జోకు' అని తగిలించారు. వాళ్ల భాషలో రాసిన అక్షరానికి మొరటు అని అర్థం, వినడానికి మాత్రం కొనసాగింపు అనే మాటలాగే ఉంటుంది. మనకి మాత్రం జోకే.

తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి కదా, నన్ను పట్టింది అందులోని శ్లేష. మాస్టారి పేరు ఇతోషికి నోజోము. నిలువుగా రాస్తే మంచి పేరే. అడ్డంగా, దగ్గర దగ్గరగా రాస్తే ఇంటిపేరులోని రెండక్షరాలు అతుక్కుపోయి 'జెత్సుబో' అవుతుంది, అంటే నిరాశ. పిల్లల పేర్లూ అంతే. గది దాటి బయటికి రాని పిల్ల కొమోరి కిరి, అన్నీ కొలిచి గీత గీసినట్టుండాలనే పిల్ల కిత్సు చిరి. హాజరు పిలిస్తే చాలు, ఎవరి పిచ్చి ఏమిటో తెలిసిపోతుంది. నల్లబల్ల మీద కథతో సంబంధం లేని రాతలు, ఆపి ఆపి చదవాలి. రాత్రి రెండింటి దాకా నవ్వుతూనే ఉన్నాను.

అయితే ఆ మాస్టారిది ఆస్తిపరుల కుటుంబం. పేరు అడ్డంగా రాస్తే బతుకు మీద విరక్తి పుట్టేంత తీరిక ఉంది. మన ఇంటిపేరు ఎటు రాసినా ఒకేలా చదువుతారు. చదివాక "ఏ ఊరు? ఊళ్లో ఎటువైపు?" అంటారు. జపాన్‌లోనూ ఊరే పట్టిస్తుంది. అక్కడి అంటరానివాళ్లయిన బురాకుల వాడల పేర్లు జాబితాలుగా అచ్చేసి కంపెనీలకి అమ్ముతున్న సంగతి 1975లో బయటపడింది. ఉద్యోగానికొచ్చినవాడు ఎక్కడివాడో చూసుకోడానికి.

ఆ క్లాసులో మరియా అని ఒక పిల్ల ఉంది. చెప్పుల్లేకుండా తిరుగుతుంది. కాగితాల్లేకుండా వేరే దేశం నుంచి వచ్చింది. సెకియుత్సు తారో అనే కుర్రాడు తన చోటు అమ్ముకుంటే, ఆ పేరుతో బడిలో కూర్చుంది. రిజిస్టర్లో మగపిల్లాడి పేరు, బెంచీ మీద మరియా.

అక్కడ నవ్వు ఆగిపోయింది.

మా అమ్మ చర్చిలో మరియమ్మ, రేషన్ కార్డులో లక్ష్మి. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా చేసిన పని అది. ముందు హిందువులకే అన్నారు, 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుడైతే బీసీ-సీ, ఒక్క శాతం. చర్చిలో పేరు మారితే వాడ మారుతుందా? బావి దగ్గర మనిషి మారాడా? ఇది రాయొచ్చా అని రెండ్రోజులు తటపటాయించాను. దాచుకోవాల్సింది మనం కాదు కాబట్టి రాస్తున్నాను.

అసలు చెప్పాల్సింది వేరే ఉంది. స్కాలర్‌షిప్ ఫారాలు సరిచూసే రోజున, ఆఫీసు గుమాస్తా పక్కనుండగా, మా సెకండియర్ పిల్లని "మేరీ, ఇక్కడ సంతకం పెట్టమ్మా" అన్నాను. ఆప్యాయంగానే. స్నేహితులు ఆ పిల్లని అలాగే పిలుస్తారు. ఫారంలో పేరు వేరు. గుమాస్తా తలెత్తి చూశాడు. ఆ పిల్ల చేతిలో పెన్ను ఆగింది. "ముద్దుపేరులెండి" అని నేనే నవ్వేశాను. ఆయనా నవ్వాడు. ఫారం వెళ్లింది, డబ్బులూ పడ్డాయి. పీహెచ్‌డీ చేసినవాణ్ణి, మరియమ్మ కొడుకుని, నాకు తెలియక కాదు. కుర్చీలో కూర్చుని మర్చిపోయాను.

యానిమేలో మరియా అందరికంటే హుషారుగా ఉంటుంది. ఆమె పేరు సంగతి క్లాసులో ఎవరూ తవ్వరు.

మా పిల్ల రెండో బెంచీ నుంచి చివరి బెంచీకి మారింది. రోజూ రిజిస్టర్లో ఉన్న పేరే పిలుస్తున్నాను. "ప్రెజెంట్ సార్" అంటుంది. నా వైపు చూడదు.