కాళ్లు పట్టుకునే చదువు



ఈ గ్రూపులో ఎక్కువమంది డీఎస్సీ గురించి, గ్రూప్స్ గురించి, కానిస్టేబుల్ రన్నింగ్ గురించి రాస్తుంటారు. నేను పాదాల గురించి రాస్తున్నా. నవ్వకండి. పోస్టు కొంచెం పొడుగే, ఓపిగ్గా చివరిదాకా చదవండి.

మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక కోయ గూడెం. మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనే, కాలేజీ గేటు లోపల అడుగుపెట్టిందీ నేనే. ఇప్పుడు ఎస్టీ హాస్టల్‌లో ఉండి బీజెడ్‌సీ ఫైనలియర్ చదువుతున్నా.

రెండేళ్ల కింద సంక్రాంతి సెలవులకి ఇంటికి పోయా. నాయన అరుగు మీద కాళ్లు చాపుకొని కూర్చున్నాడు. బొటనవేలు కింద ఆనెకాయ లాంటిది కనిపించింది. దాని మధ్యలో నల్లగా చిన్న చిల్లు. ఏదో గుచ్చుకున్నట్టుంది. ఎప్పుడు గుచ్చుకుందో ఆయనకే తెలీదు.

"నొప్పిగా ఉందా నాయనా?" అన్నా.

"నొప్పేం లేదు బిడ్డా."

"నొప్పి లేకుంటే ఏం కాదులే."

ఈ ఆఖరి మాట నాయనది కాదు, నాది. ఇంటర్లో బైపీసీ చదివిన నాది. పసుపు అద్ది, మూడో రోజు హాస్టల్‌కి బస్సెక్కా.

ఇరవై రోజులకి బాబాయ్ ఫోన్ చేశాడు. కాలు వాచింది, వాసన వస్తోంది, జొరం కూడా ఉంది అన్నాడు. ఒక చోట కట్టు కట్టి పంపించారు. ఇంకో చోట మా వల్ల కాదు, పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. అక్కడికి చేరేసరికి ఆలస్యమైంది, రెండు వేళ్లు తీసేశారు. నాయనకి షుగర్ ఉందన్న సంగతి మాకు ఆ రోజు రక్తపరీక్షలోనే తెలిసింది.

కట్టు మార్చే సిస్టర్‌తో నేను ఏడుస్తూ "నొప్పి లేదన్నాడు సిస్టర్" అన్నా. ఆమె కట్టు విప్పుతూనే చెప్పింది: "నొప్పి లేకపోవడమే జబ్బమ్మా."

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. తర్వాత లైబ్రరీలో, ఫోన్‌లో వెతికి చదివా. షుగర్ ఏళ్ల తరబడి అదుపులో లేకపోతే పాదాల్లో నరాలు మొద్దుబారతాయి. ముల్లు గుచ్చుకున్నా, చెప్పులో రాయి ఉన్నా తెలీదు. దానికితోడు రక్తనాళాలు సన్నబడితే పుండు తొందరగా మానదు. మనిషి మామూలుగానే నడుస్తుంటాడు, లోపల మాత్రం కుళ్లుతుంటుంది.

అట్లా చదువుతుంటే పాల్ బ్రాండ్ అనే డాక్టర్ పేరు దొరికింది. ఆయన ఇంగ్లండ్ మిషనరీల కొడుకు. పుట్టింది మాత్రం 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో. అది మనలాంటి ఆదివాసులుండే కొండే. 1946లో వెల్లూరు వచ్చి, తర్వాత కుష్ఠు రోగుల చేతులకి, కాళ్లకి ఆపరేషన్లు చేశాడు. కుష్ఠు వస్తే వేళ్లు వాటంతటవే కుళ్లి రాలిపోతాయని అప్పట్లో అనుకునేవాళ్లు. అట్లా కాదు, స్పర్శ పోవడం వల్ల కాలిన గాయాలూ తగిలిన దెబ్బలూ తెలీక, అవే పుండ్లయి వేళ్లు పోతున్నాయని ఆయనా, ఆయనతో పనిచేసినవాళ్లూ చూపించారు. తర్వాత ఆయన అమెరికా వెళ్లాడు. కుష్ఠు కాళ్ల దగ్గర నేర్చుకున్న పాఠం షుగర్ కాళ్లకీ పనికొచ్చింది. నొప్పిని మనం శత్రువు అనుకుంటాం గానీ అది కాపలా కుక్క లాంటిది. అది మొరగడం మానేసిందంటే దొంగ రాలేదని కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. మా హాస్టల్‌లోనే ఉండి నర్సింగ్ చదివిన ఒక సీనియర్ అక్క ఇప్పుడు ఇంగ్లండ్‌లో పనిచేస్తోంది. ఒకసారి వీడియో కాల్‌లో నాయన సంగతి చెప్తే అంది: "ఇక్కడ పాదాలకి వేరే మనుషులు ఉంటారు చెల్లీ. పోడియాట్రిస్ట్ అంటారు."

అంటే పాదం గురించే చదివినవాళ్లు. మన రెండు పాదాల్లో కలిపి 52 ఎముకలు ఉంటాయి. ఒళ్లు మొత్తంలో ఉన్నవి 206. నాలుగో వంతు ఎముకలు ఉన్న చోటుకి ఒక వైద్యుడు ఉండటంలో వింతేముంది? వాళ్లు ఆనెలు, కాయలు కత్తితో చెక్కుతారు. డాప్లర్ పెట్టి పాదంలో రక్తం ఎట్లా పారుతోందో వింటారు. పుండు మీద బరువు పడకుండా చెప్పు లోపల అట్ట మార్చి పెడతారు. లోపలికి పెరిగిన గోరుని మత్తు సూది ఇచ్చి తీస్తారు. అదనపు శిక్షణ పొందిన పోడియాట్రిస్టులు 2013 నుంచి సొంతంగా మందులు కూడా రాస్తున్నారు. బ్రిటన్‌లో ఆరోగ్య వృత్తుల కౌన్సిల్ దగ్గర రిజిస్టర్ కాకుండా ఆ పేరు పెట్టుకుంటే నేరం.

అక్క పనిచేసే చోట ఒకామె ఉందట. ముందు సైన్స్ డిగ్రీ చేసింది, తర్వాత పాదాల క్లినిక్‌లో సహాయకురాలిగా చేరింది. ఇప్పుడు అదే ఉద్యోగంలో ఉంటూ పోడియాట్రీలో ఎమ్మెస్సీ చేస్తోంది. వారంలో ఎక్కువ రోజులు క్లినిక్, మిగతా సమయం యూనివర్సిటీ. క్లాసులో నేర్చుకున్నది సూపర్‌వైజర్ పక్కనుండగా రోగి కాలి మీద చేసి చూపించాలి. మన ఐటీఐ అప్రెంటిస్ తెలుసు కదా, అట్లాంటిదే, కాకపోతే అక్కడ డిగ్రీ, పీజీ దాకా ఉంది. ఫీజు నేర్చుకునేవాళ్లు కట్టరు. పెద్ద సంస్థలు తాము ఇచ్చే జీతాల మొత్తం మీద 0.5 శాతం 2017 నుంచి ప్రభుత్వానికి కడుతున్నాయి, అప్రెంటిస్‌ల ఫీజు ఆ డబ్బులోంచి పోతుంది. పైగా జీతం వస్తుంది.

ఇది విన్న రోజు నాకు అనిపించింది ఒకటే. చదువుకోవాలంటే కూలి మానుకోవాలి, కూలికి పోవాలంటే చదువు మానుకోవాలి. మనలో ఎంతమంది ఇక్కడే ఆగిపోయారు? ఆ రెండూ ఒకే దారిలో కలిసే చోటు ఉందని నాకు ఇరవై ఏళ్లకి తెలిసింది.

అయితే మీకు ఆశపెట్టి వదిలేయను. ఆ అప్రెంటిస్ దారి మనకి నేరుగా తెరుచుకోదు. అక్కడ పనిచేసే హక్కు ఉండాలి, మామూలుగా మూడేళ్లుగా అక్కడ నివాసం ఉండాలి. మనకి ఉన్నది మామూలు ఎమ్మెస్సీ దారి. సరైన డిగ్రీ ఉన్నవాళ్లకి రెండేళ్లు, అందులో దాదాపు 1000 గంటలు క్లినిక్‌లో రోగుల దగ్గరే. దానికి ఫీజు లక్షల్లో ఉంటుంది. ఎస్టీ విద్యార్థులకి కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఏటా 20 మందికి. అందులో 3 చెంచు, కొలామ్, కొండరెడ్డి, తోటి లాంటి తెగలవాళ్లకి. తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల దాకా ఇస్తారు. అప్లై చేసేముందు ఆ ఏడాది నోటిఫికేషన్ మీరే చూసుకోండి, మధ్యవర్తులకి డబ్బు కట్టకండి.

మన దేశంలో కూడా 2021లో చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో పోడియాట్రిస్ట్ పేరు చేర్చారు. అంటే చట్టానికి ఈ పని తెలుసు. మన గూడేలకే ఇంకా తెలీదు.

ఇంట్లో చెప్తే బాబాయ్ గట్టిగా నవ్వాడు. "ఇంత చదివించింది ఊళ్లోవాళ్ల కాళ్లు పట్టుకోడానికా? కానిస్టేబుల్‌కి కట్టు, వయసుంది" అన్నాడు. ఆయన తప్పు లేదు. మా తాత ఫారెస్టోళ్ల కాళ్లు పట్టుకున్నాడు, పోడు కోసం. నాయన షావుకారు కాళ్లు పట్టుకున్నాడు, అప్పు కోసం. మా ఇంట్లో ఆ మాటకి ఇంకో అర్థం ఎవరూ చూడలేదు.

నాయన మాత్రం ఏం మాట్లాడలేదు. రాత్రి అన్నం తిన్నాక నేను ఆయన కాలు ఒళ్లో పెట్టుకుని రోజూలాగే చూస్తుంటే అడిగాడు, "అక్కడ నిజంగానే దీనికి జీతమిస్తరా?" ఇస్తారు నాయనా అన్నా. "మరి నువ్వు పోతే దీన్ని ఎవరు చూస్తరు?"

దానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు. నేను వెళ్లే రెండేళ్లలో ఆ మిగిలిన ఎనిమిది వేళ్ల సంగతి ఏంటి? అమ్మకి నేర్పిస్తున్నా. ఆమె చూపు సరిగ్గా ఆనదు, అందుకే వేళ్లతో తడిమి చూడటం నేర్పిస్తున్నా. చెప్పు వేసుకునే ముందు దులపడం, వేడి నీళ్లలో కాలు పెట్టే ముందు ఇంకొకరు చేత్తో చూడటం అలవాటైంది. మా ఆశా అక్కకి కూడా చూపించా. పని చేస్తూ నేర్చుకోవడం అంటే నాకు ప్రస్తుతానికి ఇదే. ఫైనలియర్ పరీక్షలయ్యాక స్కాలర్‌షిప్‌కి అప్లై చేస్తా. వస్తే వెళ్తా. నేర్చుకుని తిరిగి వస్తా.

చివరగా మీకో పని. ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ అనే ఊరి డాక్టర్లు చెప్పిన పరీక్ష ఇది, పైసా ఖర్చు లేదు. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లని కళ్లు మూసుకోమనండి. రెండు పాదాల్లోనూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెన వేలు, ఈ ఆరింటి కొసల్ని మీ చూపుడు వేలితో ఒక్కొక్కటిగా మెల్లగా, ఒకటి రెండు సెకన్లు తాకండి. నొక్కొద్దు, గిల్లొద్దు. తాకినప్పుడల్లా చెప్పమనండి. రెండుగానీ అంతకన్నా ఎక్కువగానీ తెలీలేదంటే స్పర్శ తగ్గినట్టే, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. పుండు కనిపిస్తే మాత్రం ఈ పరీక్ష కోసం కూడా ఆగొద్దు, ఆ రోజే వెళ్లండి.

ఈసారి పండక్కి ఇంటికి పోయినప్పుడు చెయ్యండి. "నొప్పి లేదు" అంటే నాలాగా బస్సెక్కకండి.

జై ఆదివాసీ.