అమావాస్య నాడు డాబా మీద ఆడపిల్ల

మా వంటింటి గోడకున్న క్యాలెండర్‌లో అమావాస్య తేదీలన్నిటికీ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి ఉంటాయి. పితృకార్యాల కోసం అనుకునేరు, కాదు. డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి చుట్టుకున్న సున్నాలవి. చంద్రుడు లేని రాత్రుల్లో డాబా మీద చిన్న టెలిస్కోప్ పెట్టి నిహారికల్నీ, గెలాక్సీల్నీ ఫోటోలు తీస్తుంది. అవి ఎంత మసకగా ఉంటాయంటే వెన్నెల ఉంటే చాలు, అందులో కలిసిపోతాయి. కార్తీక పౌర్ణమి నాడు చంద్రుడు కృత్తికల దగ్గర ఉంటాడు కాబట్టే ఆ నెలకి ఆ పేరు. మనకి ఏడాదిలో గొప్ప రాత్రి అది. కృత్తికల ఫోటో తీయాలనుకునే మా పిల్లకి మాత్రం పనికిరాని రాత్రి.

అమావాస్య, అర్ధరాత్రి, ఆడపిల్ల, డాబా. ఈ నాలుగు మాటలూ ఒకచోట చేరితే ఇంట్లో ఏం జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. "పెళ్లి కావలసిన పిల్ల. చూసినవాళ్లు ఏమనుకుంటారే?" అన్నారు మా అత్తయ్యగారు. చూసినవాళ్లు అననే అన్నారు. "రాత్రి రెండింటికి మీ డాబా మీద ఎర్ర లైటు కనిపించిందండీ. ఫోన్‌లో ఎవరితోనైనా మాట్లాడుతోందేమో కనుక్కోండి" అని ఎదురింటావిడ నాకు మంచి మాటగా చెప్పింది. అది టార్చి. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి అరగంట పడుతుంది. తెల్ల లైటు వేస్తే ఆ అరగంటా వృథా. అందుకని టార్చికి ఎర్ర కాగితం అంటించుకుంటుంది.

మావారికి వారంలో సగం రోజులు నైట్ డ్యూటీ. "తియ్యనీ, కానీ ఒక్కత్తీ వద్దు" అన్నారు. అలా తోడు పని నాకొచ్చింది. శాలువా, ఫ్లాస్కులో టీ, దోమల చక్రం పట్టుకుని నేనూ పైకెక్కడం మొదలుపెట్టాను.

తెలుగు బీఏ చదివినదాన్ని. ఇరవై ఏడు నక్షత్రాల పేర్లూ గడగడా చెప్పగలను. వాటిలో ఆకాశంలో చూసి పోల్చుకోగలిగినవి రెండో మూడో. అలాంటి నాకు డాబా మీద కొత్తగా తెలిసినవి చాలానే ఉన్నాయి. భూమి గంటకి పదిహేను డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి, కెమెరాని కదలకుండా పెట్టి అరనిమిషం తెరిచి ఉంచితే చుక్క కాస్తా గీత అయిపోతుంది. టెలిస్కోప్ కింద ఉన్న మోటారు దాన్ని ఆకాశంతో పాటు తిప్పాలి. అందుకు ముందు దాని ఇరుసుని ధ్రువనక్షత్రం వైపు సరిచూసుకోవాలి. మన హైదరాబాద్‌లో ధ్రువుడు ఉత్తరాన పదిహేడు డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. మాకైతే సరిగ్గా పక్కింటి నీళ్ల ట్యాంకు వెనక. ట్యాంకు తప్పించి ధ్రువుణ్ణి పట్టుకోవడానికి డాబాలో ఒకే ఒక్క మూల దొరికింది. అక్కడ ముగ్గుపిండితో మూడు చుక్కలు పెట్టాను, స్టాండు కాళ్ల కోసం.

ఇక ఫోటో అంటే ఒక్క ఫోటో కాదు. ముప్ఫై సెకన్ల చొప్పున రెండు గంటల పాటు 240 తీస్తుంది. విడిగా చూస్తే ఒక్కొక్కటీ ఇసక చల్లినట్టు ఉంటుంది. లాప్‌టాప్‌లో వాటిని ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఇసక తగ్గి అసలు బొమ్మ నిలుస్తుంది. ఇసక ఏ ఫోటోకి ఆ ఫోటోలో చోటు మారుతుంది, నిహారిక మారదు, అదీ కిటుకు. నూరు ఫోటోలు కలిపితే ఆ ఇసక పదోవంతుకి తగ్గుతుందని లెక్క. డిసెంబరు చలిలో అద్దం మీద మంచు పడితే నా హెయిర్ డ్రయ్యర్ పైకొస్తుంది.

ఆండ్రోమెడా గెలాక్సీ ఫోటో వచ్చిన రోజు, ఆ వెలుగు బయల్దేరి 25 లక్షల ఏళ్లయిందని చెప్పింది. అది ఎంత దూరమో ఎలా కొలిచారని అడిగితే హెన్రియెటా లీవిట్ గురించి చెప్పింది. అమెరికాలో హార్వర్డ్ అబ్జర్వేటరీలో రాత్రి టెలిస్కోప్ దగ్గర పని మగవాళ్లది. వాళ్లు తీసిన గాజు పలకల మీద పగలు చుక్కలు కొలిచే పని ఆడవాళ్లది. అలా కొలిచి కొలిచి, కొన్ని నక్షత్రాలు వెలిగి మసకబారే వ్యవధిని బట్టి వాటి అసలు కాంతి తెలుస్తుందని 1912లో లీవిట్ తేల్చింది. ఆ సూత్రంతోనే హబుల్ 1923లో ఆండ్రోమెడాలో ఒక నక్షత్రాన్ని పట్టుకుని, అది మన పాలపుంతకి బయట ఉన్న వేరే గెలాక్సీ అని చూపించాడు.

అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేరు. మృగవ్యాధుడి నిహారిక ఫోటోని పిల్లే కిందికి తెచ్చి చూపించింది. 1,300 కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో కొత్త నక్షత్రాలు పుడుతున్న మబ్బు అది. గులాబీ రంగు ముగ్గులా ఉంది. "ఇది ఎక్కడుంటుందే?" అన్నారు. పైన వరసగా ఉండే మూడు చుక్కలు చెప్పగానే, "ఓసి, గొల్లకావడి! దాని కిందా?" అన్నారు. కుప్పనూర్పుల రోజుల్లో వాళ్లమ్మతో కలిసి కళ్లం కాపలాకి పడుకునేవారట. గొల్లకావడి పడమటికి వాలితే తెల్లవారబోతోందని లేచేవారట.

"అప్పుడు ఎవరూ ఏమీ అనలేదా అత్తయ్యా?" అన్నాను.

"పనికి పోతే ఎవరేమంటారే?" అన్నారు.

ఆ మాట నన్ను వదల్లేదు. పని కోసమైతే ఆడదానికి రాత్రి ఎప్పుడూ తెరిచే ఉంది. నాట్లకీ, కాపలాకీ, పురిటికీ, జబ్బు మనిషి పక్కన కూర్చోడానికీ. తలెత్తి ఊరికే చూడ్డానికి మాత్రం ఎవరో ఒకరి అనుమతి కావాలి. అత్తయ్యగారు ఇప్పుడు ఒక్క షరతు పెట్టి ఊరుకున్నారు. "జుట్టు ముడేసుకుని వెళ్లు."

వచ్చే ఏడు పిల్ల ఎమ్మెస్సీ ఫిజిక్స్‌కి వేరే ఊరు వెళ్లాలనుకుంటోంది. ఈ మధ్య ఒక లేడీస్ హాస్టల్ చూసొచ్చాం. భోజనం, నీళ్లు, గదులు బాగానే ఉన్నాయి. డాబా తలుపుకి మాత్రం రాత్రి ఎనిమిదింటికే తాళం. మగపిల్లల హాస్టల్‌కీ అంతేనా అని అడిగాను. వాళ్లకి తాళం లేదన్నారు. మేం ఇంకా వెతుకుతున్నాం. ఆడపిల్లలకి రాత్రిపూట డాబా తలుపు తెరిచి ఉంచే హాస్టల్ మీకెక్కడైనా తెలిస్తే చెప్పండి. మిగతా సౌకర్యాలు కాస్త తక్కువైనా సర్దుకుంటాం.