తంజావూరు తాటాకు... చదివేదెవరు?

రాజ్యం పోయింది. రాజులూ పోయారు. భాష మాత్రం మిగిలింది... తాటాకుల మీద, పాటల్లో, ఊరి నాటకంలో! కావేరి ఒడ్డున, తమిళసీమ నడిబొడ్డున తెలుగు ఎలా బతుకుతోందో చూడాలంటే తంజావూరు వెళ్లాల్సిందే. ఆ అక్షరాల్ని కంప్యూటర్లు దాచిపెడతాయి సరే, చదివేవాళ్లని ఎవరు తయారుచేయాలి?

తంజావూరు అనగానే పెద్దకోవెల గుర్తొస్తుంది. రాజరాజ చోళుడు 1010లో పూర్తి చేయించిన బృహదీశ్వరాలయం. ఆ తర్వాత తల ఊపే బొమ్మ, బంగారు రేకుల చిత్రాలు, పనసకర్ర వీణ. వచ్చినవాళ్లు కోవెల చూసి, బొమ్మ కొనుక్కుని, సాయంత్రానికి కుంభకోణం బస్సెక్కేస్తారు. కోవెలకు కొద్ది దూరంలోనే పాత రాజభవనం ఉంది. నాయకరాజులు కట్టించారు, మరాఠా రాజులు పెంచారు. అందులోనే ఓ పక్కన సరస్వతీ మహల్ గ్రంథాలయం. బయట నుంచి చూస్తే సర్కారు ఆఫీసులా ఉంటుంది. లోపల వేల తాళపత్రాలు, రాతప్రతులు. వాటిలో తెలుగువి ఎనిమిది వందలకు పైమాటే!

తమిళ రాజధానిలో తెలుగు కొలువు

తంజావూరుకి తెలుగు వచ్చింది విజయనగరం వెంట. 1532 ప్రాంతంలో సేవప్ప నాయకుడితో ఇక్కడ నాయకరాజుల పాలన మొదలైంది. అచ్యుతప్ప, రఘునాథుడు, విజయరాఘవుడు... అందరిదీ తెలుగు కొలువే. రఘునాథ నాయకుడు స్వయంగా కవి, వీణ తెలిసినవాడు. ‘విజయవిలాసం’ రాసిన చేమకూర వెంకటకవి ఆయన ఆస్థానంలోనే ఉన్నాడు. ఆడవాళ్లు కూడా అక్కడ కవులుగా వెలిగారు. రామభద్రాంబ సంస్కృతంలో రాజు చరిత్ర రాసింది. విజయరాఘవుడి కొలువులో పసుపులేటి రంగాజమ్మ ‘మన్నారుదాస విలాసం’ రాసింది.

1673లో మధుర నాయకుల దాడిలో విజయరాఘవుడు చనిపోయాడు. మరికొన్నేళ్లకు శివాజీ సవతి తమ్ముడు ఏకోజీ తంజావూరు గద్దెనెక్కాడు. రాజులు మరాఠీలు. జనం తమిళులు. మరి తెలుగు ఏమైపోవాలి? ఏమీ కాలేదు! ఏకోజీ కొడుకు శాహాజీ తెలుగులో యక్షగానాలు రాశాడు. ‘పల్లకీ సేవా ప్రబంధం’ ఆయనదే. అంతేకాదు, తెలుగు, తమిళం, మరాఠీ, హిందీ, సంస్కృతం కలిపి ‘పంచభాషా విలాసం’ అనే నాటకం కూడా రాశాడు. ఒకే నాటకంలో అయిదు భాషలు వాడాడంటే ఆ కొలువులో ఎన్ని మాటలు వినిపించేవో ఊహించుకోవచ్చు.

పుస్తకాల రాజు

ఈ గ్రంథాలయానికి ఇంత పేరు తెచ్చింది రెండో శరభోజి. 1798 నుంచి 1832 వరకు రాజుగా ఉన్నాడు. ఉండటమంటే పేరుకే. 1799 ఒప్పందంతో రాజ్యం ఈస్టిండియా కంపెనీ చేతిలోకి పోయింది. ఆయనకు కోట, చుట్టుపక్కల కాస్త జాగా, భరణం మిగిలాయి. ఇంకొకరైతే విలాసాలతో కాలం వెళ్లదీసేవారేమో. శరభోజి మాత్రం పుస్తకాల మీద పడ్డాడు. చిన్నతనంలో ఆయనకు అండగా నిలిచి చదువు చెప్పించింది జర్మన్ మిషనరీ ష్వార్ట్జ్. ఆ చదువు ఊరికే పోలేదు. యూరప్ నుంచి వైద్యం, శాస్త్రాలు, భూగోళం మీద అచ్చు పుస్తకాలు తెప్పించుకున్నాడు. 1820లో కాశీయాత్రకు బయల్దేరి అక్కడ్నించీ రాతప్రతులు సంపాదించాడు. కాశీ ఘాట్ల చిత్రాలు గీయించాడు.

ఇంకో పని కూడా చేశాడు. 1805లో దేవనాగరి అచ్చుయంత్రం పెట్టించాడు. ఈసపు కథల్ని మరాఠీలోకి మార్పించి పిల్లల కోసం అచ్చు వేయించాడు. రామేశ్వరం దారిలో యాత్రికుల కోసం నడిపిన సత్రాల్లో బడులు పెట్టించాడు. ఒరత్తనాడులోని ముక్తాంబాళ్ సత్రంలో పిల్లలకు తిండి పెట్టి మరీ చదువు చెప్పేవారు. అక్కడ నేర్పిన భాషల్లో తెలుగూ ఉంది. పుస్తకం దాచడం, పిల్లలకు చదువు చెప్పడం ఆయన దృష్టిలో వేర్వేరు పనులు కావు. ఇప్పటి మన తిప్పలన్నీ ఆ రెంటినీ విడదీసుకోవడం వల్లే!

తాటాకుకి కాపలా

శరభోజి వంశంలో కొడుకు శివాజీ 1855లో వారసుడు లేకుండా చనిపోవడంతో కంపెనీ ఆ పేరుకున్న రాజ్యాన్నీ తీసేసుకుంది. పుస్తకాలు భవనంలోనే ఉండిపోయాయి. ఆర్థర్ బర్నెల్ అనే బ్రిటిష్ న్యాయాధికారి వాటిలోని సంస్కృత గ్రంథాలకు జాబితా తయారుచేసి 1880లో అచ్చు వేయించాడు. ఏ పుస్తకం ఉందో లోకానికి తెలిసింది అప్పుడే. 1918లో రాజకుటుంబం వారు గ్రంథాలయాన్ని ప్రజలకు అప్పగించారు.

తాటాకు మొండిది. ఆ మొండితనం కూడా సేవ చేసినంతకాలమే. చెమ్మ తగిలితే బూజు పడుతుంది, ఎండిపోతే విరుగుతుంది, పురుగు పడితే జల్లెడవుతుంది. అందుకే ఆకులకు నిమ్మగడ్డి నూనె రాస్తారు. గంటంతో గీసిన అక్షరం మసకబారితే మసి పూసి తుడుస్తారు. గాట్లలో మసి నిలబడి అక్షరం మళ్లీ నల్లగా తేలుతుంది. వస, నల్లజీలకర్ర, లవంగం, దాల్చినచెక్క, కర్పూరం లాంటివి మూటగట్టి కట్టల మధ్య ఉంచడం ఇక్కడి పాత పద్ధతి. మన అమ్మమ్మలు పట్టుచీరల మడతల్లో సుగంధద్రవ్యాలు పెట్టినట్టే!

ఇప్పుడు వీటికి కొత్త కాపలా వచ్చింది. కెమెరా, స్కానర్, కంప్యూటర్. దేశమంతటా రాతప్రతుల్ని గుర్తించి, కాపాడేందుకు కేంద్రం 2003లో జాతీయ రాతప్రతుల మిషన్ మొదలుపెట్టింది. 2025లో ‘జ్ఞాన భారతం’ పేరుతో కోటికి పైగా రాతప్రతుల్ని లెక్కకు తెచ్చే పనిని ప్రకటించింది. ఒక్కసారి ఫొటో తీస్తే చాలు, ఆకును పదేపదే ముట్టుకోనక్కర్లేదు. విజయవాడలో కూర్చున్న పరిశోధకురాలు తంజావూరు ఆకుని తెర మీద పెద్దది చేసి చూడొచ్చు. మంచిదే. చిక్కల్లా ఆ తర్వాతే.

బొమ్మ ఉంది... మాట ఏదీ?

తాటాకు మీది తెలుగు మన పాఠ్యపుస్తకంలో తెలుగులా ఉండదు. మాటకీ మాటకీ మధ్య ఖాళీ వదలరు. పద్యాన్ని కూడా పాదాలుగా విరవకుండా వచనంలా ఏకధాటిగా రాసుకుపోతారు. ఎ, ఏ అని గానీ, ఒ, ఓ అని గానీ తేడా చూపించరు. వలపలగిలక లాంటి గుర్తులు వస్తాయి. రాసిన మనిషి చేతివాటం సరేసరి. ఛందస్సు తెలిసినవాడే పద్యం ఎక్కడ మొదలైందో పట్టుకోగలడు. పదో తరగతి తెలుగులో వందకు వంద తెచ్చుకున్న పిల్లాడి ముందు ఆ ఆకు పెడితే అక్షరాలు కూడబలుక్కుంటాడు, అంతే. కంప్యూటర్ పరిస్థితీ దాదాపు అదే. ఏ గీత ఏ అక్షరమో ముందు మనిషి చదివి చెబితేనే యంత్రం నేర్చుకుంటుంది.

పక్కనే ఓ హెచ్చరిక కూడా ఉంది. మరాఠా రాజుల దఫ్తరాలు మోడీ లిపిలో ఉన్నాయి. జీతాలు, సత్రాల ఖర్చులు, పంటలు, తగాదాలు... తంజావూరు జీవితమంతా ఆ కాగితాల్లో ఉంది. మోడీ లిపి బడుల్లోంచి పోయాక చదివేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది మిగిలారు. కాగితాలు పోలేదు, చదవడం పోయింది. పాత తెలుగు రాతకు ఆ గతి పట్టకూడదంటే ఇప్పుడే జాగ్రత్త పడాలి.

అసలు ప్రతి చదవడం ఎందుకంత ముఖ్యం? తంజావూరు కథే చెబుతుంది. పద్దెనిమిదో శతాబ్దంలో ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ రాసింది. తర్వాత అచ్చయిన పుస్తకంలో కొన్ని పద్యాలు మాయమయ్యాయి. బెంగళూరు నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి, పోల్చి చూసి 1910లో పూర్తి కావ్యాన్ని అచ్చు వేయించింది. ఓ స్త్రీ ఇలా రాయడమేమిటని గోల లేచింది. బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. ప్రకాశం పంతులు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు గానీ ఆ నిషేధం తొలగలేదు. రాతప్రతి దొరక్కపోయినా, దొరికి చదవడం రాకపోయినా ఆ పద్యాలు మనకు లేనట్టే.

పాట దాటిన ఏరు

ఆ నాగరత్నమ్మే తన సంపాదనంతా పోసి త్యాగరాజస్వామి సమాధి దగ్గర గుడి కట్టించింది. అది తిరువయ్యారులో ఉంది, తంజావూరుకి సుమారు 13 కిలోమీటర్లు. త్యాగరాజు 1767 నుంచి 1847 వరకు జీవించాడు. ఏటా పుష్య బహుళ పంచమి నాడు వందలాది విద్వాంసులు కావేరి ఒడ్డున చేరి పంచరత్న కీర్తనలు పాడతారు. వాటిలో మొదటిది సంస్కృతం, మిగిలిన నాలుగూ తెలుగు. పాడేవాళ్లలో ఎక్కువమందికి తెలుగు మాతృభాష కాదు.

మరి వాళ్లెలా నేర్చుకుంటారు? తమిళ లిపిలో రాసుకుని! తమిళంలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం. ‘గాలి’ అన్నా ‘కాలి’ అన్నా రాత ఒకటే. అందుకని పాటల పుస్తకాల్లో అక్షరం పక్కన 2, 3, 4 అని చిన్న అంకెలు వేస్తారు. అంకె చూసి పలుకు పట్టుకుంటారు. పరాయి భాషను గౌరవంగా పలకాలని పడిన పాట్లకి ఆ చిన్న అంకెలే సాక్ష్యం. మన పిల్లలు హైదరాబాద్‌లోనూ, డాలస్‌లోనూ అవే కీర్తనల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుని పాడుతున్నారు. వాళ్లకి ఆ అంకెలు కూడా లేవు.

తెల్లవార్లూ తెలుగే

తంజావూరు నుంచి సుమారు 18 కిలోమీటర్లు వెళితే మెలట్టూరు. అచ్యుతప్ప నాయకుడు 510 బ్రాహ్మణ కుటుంబాలకు ఇళ్లూ భూములూ ఇచ్చి ఇక్కడ నిలిపాడని చెబుతారు. మామూలు రోజుల్లో చూస్తే నిశ్శబ్దంగా, వరిచేల మధ్య ఉండే పల్లె. నృసింహ జయంతి వచ్చిందంటే మాత్రం వరదరాజ పెరుమాళ్ గుడి ముందు వేదిక లేస్తుంది. భాగవతమేళం మొదలవుతుంది. ముందు కోణంగి వచ్చి నవ్విస్తాడు. గణపతి వేషంలో చిన్న పిల్లాడు వస్తాడు. ఆ తర్వాత ‘ప్రహ్లాద చరిత్ర’. ఆడవేషాలూ మగవాళ్లవే. మాటలు, దరువులు, పద్యాలు అన్నీ తెలుగే. రాసింది ఆ ఊరి మెలట్టూరు వెంకటరామశాస్త్రి. నరసింహస్వామి ముఖం తొడుక్కునే నటుడు ఆ రోజు ఉపవాసం ఉంటాడు. ఆ ముఖానికి పూజలు జరుగుతాయి. వాళ్లకది నాటకం కాదు, మొక్కు.

వేషం కట్టేవాళ్లు వృత్తి నటులు కారు. ఉద్యోగాల కోసం నగరాలకు వెళ్లినవాళ్లు సెలవు పెట్టుకుని ఊరొస్తారు. తండ్రి ప్రహ్లాదుడి తల్లి వేషం కడితే, కొడుకు పక్కన నిలబడి వింటూ నేర్చుకుంటాడు. బడిలో చదువు తమిళం, ఇంగ్లిష్. తమిళనాట 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరైంది. ఆ రాష్ట్రంలో అలా ఉండటం సహజమే. తెలుగు లిపి నేర్పే బాధ్యత మాత్రం ఇంటి మీదే పడింది. ఇల్లు నేర్పకపోతే నోటితో వచ్చిన తెలుగు నోటితోనే ఆగిపోతుంది. ఈ నాటకాల్ని వీడియో తీయొచ్చు. తర్వాతి తరం కుర్రాడికి దరువు ఎక్కడ ఎత్తుకోవాలో, మాట ఎక్కడ విరవాలో చూపించేందుకు అది బాగా పనికొస్తుంది. అర్థం చెప్పడానికి మాత్రం పక్కన ఓ పెద్దాయన కావాలి.

తమిళనాట తెలుగును అక్కడివాళ్లు మోస్తున్నారు. ఇక్కడివాళ్లు చేయగలిగిందీ ఉంది. తెలుగు ఎం.ఏ. చదివే ప్రతి విద్యార్థీ ఒక్క తాటాకు ప్రతినైనా చదివి, నేటి లిపిలో ఎత్తి రాస్తే ఏడాదికి ఎన్ని ఆకులు వెలుగు చూస్తాయి! బొమ్మలెలాగూ తెర మీదికి వస్తున్నాయి. హైస్కూలు పిల్లలకు వారానికో ఆకు ఫొటో చూపించి ‘ఇందులో మీ పేరులో అక్షరాలున్నాయేమో వెతకండి’ అన్నా చాలు, ఆటలాగే మొదలవుతుంది.

వెళ్లాలంటే...

చెన్నై నుంచి తంజావూరుకి సుమారు 340 కిలోమీటర్లు. రైళ్లు, బస్సులు ఉన్నాయి. దగ్గర్లోని విమానాశ్రయం తిరుచ్చి. రాజభవనం, సరస్వతీ మహల్ ప్రదర్శనశాల ఓ పూటలో చూడొచ్చు. తిరువయ్యారు ఆరాధన సాధారణంగా జనవరిలో వస్తుంది. మెలట్టూరు మేళం మే నెల ప్రాంతంలో, రాత్రిపూట. పిల్లల్ని తీసుకెళ్లండి, నిద్రొస్తే ఒళ్లో పడుకుంటారు. లేచి కూర్చుంటే మాత్రం ఓ వింత జరుగుతుంది. చుట్టూ ఉన్న జనం కథ తెలుసు కాబట్టి చూస్తుంటారు. హిరణ్యకశిపుడు అడిగిన ప్రశ్నకు ప్రహ్లాదుడు చెప్పిన జవాబు, మాట మాటా అర్థమయ్యేది మీ పిల్లలకే!