శిలాతీరము - ఇసుకతీరము

చీరాలకు రెండు క్రోసుల దూరముననున్న ఓడరేవులో సముద్రస్నానము చేయని గృహిణి మన ప్రాంతమున అరుదు. అచట ఎంతదూరము నడచినను కాలికి తగులునది ఇసుకయే. ఎండ్రకాయలు బొరియలలో దాగియుండును. కెరటము లేపిన ఇసుకచే నీరు మసకబారును. మునిగి చూచినను కానవచ్చునది స్వల్పము.

సముద్రజీవులను వాని నెలవులయందే చూడగోరువారు విశాఖపట్టణమునకు పోవలయును. అచట కొండలు కడలి అంచువరకు వచ్చినవి. ఇసుక కదలును, శిల కదలదు. కావున నత్తలు, చిప్పజీవులు రాతిని కరచుకొని బ్రతుకును. వానికొఱకు చేపలు చేరును. ఋషికొండవద్ద నీటమునుగు విద్యను నేర్పువారు కలరు. మునుగుట కిష్టపడనివారు సముద్రము వెనుకకు తగ్గిన వేళ, రాతిగుంటలలో నిలిచిన నీటియందు ఈ జీవులను పిల్లలకు చూపవచ్చును.

మునుగువారు వీపున లోహపుబుడ్డిలో గాలిని మోసికొనిపోవుదురు. 1943లో ఫ్రాన్సుదేశమున కూస్తో, గగ్నాన్ అనువారు ఇందులకు తగిన సాధనమును నిర్మించిరి. అది లోతునకు సరిపడు ఒత్తిడితో గాలి నందించును. 10 మీటర్లు దిగినచో శరీరముపై ఒత్తిడి రెట్టింపగును. లోతున పీల్చిన గాలి పైకి వచ్చుకొలది ఉబ్బును. ఊపిరి బిగబట్టి లేచినచో ఊపిరితిత్తులు చినుగవచ్చును. అందుచే మెల్లమెల్లగా, ఊపిరి విడుచుచు పైకి రావలయును. నీటిలో మనుష్యునకు ప్రాణమంతయు ఊపిరియందే యున్నది.

తాబేలు స్థితియు నట్టిదే. దానికి చేపవలె మొప్పలు లేవు. గాలికై పైకి రావలసినదే. చలికాలము చివర ఆలివ్ రిడ్లీ జాతి ఆడుతాబేళ్లు రాత్రివేళ మన ఇసుకతీర మెక్కి, గుంటకు సుమారు 100 గ్రుడ్లు పెట్టును. మనము మునిగి చూడలేని వింత తానే ఒడ్డునకు వచ్చుచున్నదన్నమాట! కాని మరపడవలు ఈడ్చు వలలలో చిక్కినవి పైకి రాలేక, ఊపిరాడక చచ్చి కొట్టుకొనివచ్చును. చిక్కిన తాబేలు వెలికిపోవుటకు వలలో దారి నమర్చు సాధనము కలదు. దానిని వాడుట అవసరము.

సోదరీమణులారా! శిలాతీరమున మునుగువారు నేర్చు తొలిపాఠము, దేనిని తాకక చూచుట. ఇసుకతీరమునకును అదియే మర్యాద. గ్రుడ్లగుంట కనబడినచో త్రవ్వనీయకుడు. దీపపు వెలుగునకు తాబేటిపిల్లలు దారితప్పును గాన దీపము చూపకుడు. అటవీశాఖవారికి కబురంపుడు. బిడ్డలకును ఈ మాట చెప్పుడు.