నకలు వేరు, ప్రతిబింబం వేరు
మా చెల్లెలు చదువుకొనే పాత కంప్యూటరు మూలబడింది. తెల్లవారితే పాత సామానుకు అమ్మివేస్తామన్నారు నాన్నగారు. 1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్‌తో దానికి ప్రాణం పోయదలచాను. ఆ ఐఎస్ఓ ఫైలును 700 మెగాబైట్ల సీడీపై రాసి పెట్టాను. యంత్రం కదలలేదు. బయాస్‌లో సీడీ డ్రైవును మొదటి స్థానంలో ఉంచినా ఫలితం శూన్యం. యంత్రాన్ని నిందించాను; చెల్లెలు మౌనంగా చూస్తున్నది.

చివరకు మిత్రుని కంప్యూటరులో ఆ సీడీని తెరిచాను. లోపల ఒకే ఒక ఐఎస్ఓ ఫైలు! ప్రతిబింబంగా ముద్రించవలసినదానిని మామూలు ఫైలువలె నకలు చేశాను. దోషం నాదే. చెక్‌సమ్ సరిచూచి, తక్కువ వేగంతో మరో సీడీపై ‘ఇమేజ్’గా రాశాను. తెర వెలిగింది, చెల్లెలి ముఖమూ వెలిగింది.

మిత్రులారా, నిందించుటకు ముందు పరీక్షించుట విజ్ఞత.