మా కారు తలుపు మీద ఎవరి నంబరు?

టెక్సాస్ నుంచి కాలిఫోర్నియాకి మారి రెండు వారాలు దాటింది. ఇక్కడ కాపురం పెట్టాక 20 రోజుల్లోగా కారు రిజిస్ట్రేషన్‌కి దరఖాస్తు చేసుకోవాలి. మావారికి కొత్త ఉద్యోగం, సెలవు అడిగే పరిస్థితి లేదు. "స్మాగ్ టెస్ట్ అయిపోయింది కదా. కాగితాలన్నీ నీలం ఫైల్లో ఉన్నాయి. డీఎంవీలో ఒకాయన బయటికొచ్చి కారు నంబరు చూసుకుంటాడు, అంతే. నువ్వెళ్ళొచ్చేయ్" అన్నారు.

మాది 1998 మోడల్ సివిక్. ఆయన చదువుకునే రోజుల్లో కొన్నది. తర్వాత టైటిల్‌లో నా పేరు కూడా చేర్చారు గానీ, గ్యాస్ కొట్టించడం తప్ప దాని సంగతులు నాకేం తెలుసు? బానెట్ ఒక్కసారి కూడా ఎత్తలేదు. రేపు ఆయనెవరో "నంబరు ఎక్కడుందమ్మా" అంటే తెల్లమొహం వేయకూడదని, సాయంత్రం పాపకి టార్చి ఇచ్చి పార్కింగ్‌లోకి తీసుకెళ్ళాను.

మొదటి నంబరు సులువుగానే దొరికింది. డ్రైవర్ వైపు ముందు అద్దం కింద, డాష్‌బోర్డు మూలన చిన్న రేకు. బయట నిలబడి అద్దంలోంచి చదవాలి. 17 అక్షరాలు, అంకెలు. టైటిల్‌తో ఒక్కొక్కటీ పోల్చాను, సరిపోయింది. రెండోది డ్రైవర్ తలుపు అంచున అంటించిన స్టిక్కరు. పాప గట్టిగా చదువుతోంది, నేను టిక్కు పెడుతున్నాను. పదో అక్షరం దగ్గర ఆగిపోయాను. టైటిల్‌లో డబ్ల్యూ, పాప చదివింది వి. ఆ తర్వాత ఇంకా నాలుగు కలవలేదు.

నా కళ్ళదే పొరపాటేమో అనుకున్నాను. పైకొచ్చి నెట్‌లో వెతికితే, బీఎస్సీలో లెక్కలు చదివిన నా బుర్రకి మేత దొరికింది. 1981 నుంచి ఇక్కడి కార్లన్నిటికీ ఈ 17 అక్షరాల పద్ధతే. 1, 0లతో తికమక పడకుండా ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. ప్రతి అక్షరానికీ ఒక విలువ, ప్రతి స్థానానికీ ఒక గుణకం. గుణించి, కూడి, 11తో భాగిస్తే వచ్చే శేషమే తొమ్మిదో స్థానంలో ఉండాలి. శేషం 10 అయితే ఎక్స్. ఒక్క అక్షరం తప్పు చదివితే చాలావరకు ఇక్కడే దొరికిపోతుంది.

పాలవాడి లెక్క రాసే పుస్తకం వెనక రెండు నంబర్లూ వేసి చూశాను. రెండూ సరిగ్గా వచ్చాయి! అంటే నేను తప్పు చదవలేదు. అవి రెండు వేరే కార్ల నంబర్లు. పదో అక్షరం మోడల్ సంవత్సరం: డబ్ల్యూ అంటే 1998, వి అంటే 1997. మా 98 కారుకి 97 కారు నంబరు ఎందుకుంది? దొంగ కారా? పరాయి దేశంలో పోలీసు అన్న మాట తల్చుకుంటేనే నాకు కాళ్ళలో వణుకు.

మావారికి ఫోన్ చేశాను. "ఏమండీ, మన కారు తలుపు మనది కాదట!"

అటు కాసేపు మౌనం. తర్వాత నవ్వు. "అయ్యో, మర్చిపోయాను. మన పెళ్ళికి ముందు పార్కింగ్‌లో ఎవరో గుద్దేసి పోయారు. కొత్త తలుపు కొనే డబ్బుల్లేక మెకానిక్ పాత కార్ల యార్డ్ నుంచి తెచ్చి వేశాడు. అదృష్టం, రంగు కూడా కలిసింది."

నాకు నవ్వు రాలేదు. రసీదు ఉందా అంటే, ఏ కాగితమూ పారేయని మనిషి కాబట్టి ఉంటుందన్నారు. నీలం ఫైలు అడుగున దొరికింది. అందులో "పాత తలుపు" అని స్పష్టంగా రాసి ఉంది.

అయినా నమ్మకం చాల్లేదు. ఈ కారుకి మూడో నంబరు బానెట్ కింద, ఇంజన్ వెనక గోడ మీద గుద్ది ఉంటుందని చదివాను. మళ్ళీ కిందికి దిగి మొదటిసారి బానెట్ ఎత్తాను. చోటు దొరికింది గానీ జిడ్డు, దుమ్ము. గుడ్డతో ఎంత తుడిచినా సగమే కనిపించింది. అప్పుడు నాన్న గుర్తొచ్చారు. స్కూటర్ ఆర్‌టీవో ఆఫీసుకి తీసుకెళ్ళే ముందు ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దేవారు. నేను పక్కన కాగితం కదలకుండా పట్టుకునేదాన్ని. ఇప్పుడు పాప పట్టుకుంది, నేను రుద్దాను. నల్లటి పెన్సిల్ పూత మధ్య 17 తెల్లగా తేలాయి. డాష్‌బోర్డు నంబరే. టైటిల్ నంబరే. హమ్మయ్య!

మర్నాడు పరిశీలనకి వచ్చినాయన కారు దగ్గరికి రాగానే, ఆయన తలుపు తీయకముందే నేనే చెప్పాను: ఈ తలుపు మార్చినది, ఇదిగో రసీదు, అసలు నంబరు బానెట్ కింద కూడా ఉంది. ఆయన రేకు చూశాడు, బానెట్ కింద చూశాడు, రసీదు చదివాడు. "ముందే చెప్పడం మంచిదైంది. నంబర్లు కలవకపోతే హైవే పెట్రోల్ వాళ్ళ దగ్గరికి పంపాల్సి వస్తుంది" అని ఫారం నింపి ఇచ్చాడు.

మీ ఇంట్లో కూడా పాత కారుంటే, ముఖ్యంగా ఎవరి దగ్గరో కొన్నదైతే, ఆఫీసుకి వెళ్ళే ముందు రోజు పగటి వెలుగులో ఈ మూడు చోట్లూ చూసుకోండి. డాష్‌బోర్డు మీద గుడ్డ పరిచి ఉంటే తీసేయండి, రేకు దాని కింద దాక్కుంటుంది. మూడో నంబరు ఎక్కడుందో కారు మాన్యువల్‌లో ఉంటుంది. తలుపో, బానెటో మార్పిస్తే ఆ రసీదు పారేయకండి.

ఆ పెన్సిల్ కాగితం ఫోటో తీసి నాన్నకి పంపాను. "జిడ్డు ముందు కిరసనాయిలుతో తుడవాల్సిందమ్మా" అని జవాబు వచ్చింది.