గుండె లెక్క

మేమిద్దరం ఈ హాస్టల్లోనే ఇంటర్ ఎంపీసీ చదివాం. మా ఇద్దరి నాన్నలూ యాభై దాటకుండానే గుండె ఆగి పోయారు. ఊళ్ళో తాగుడన్నారు. వాళ్ళు చుక్క ముట్టినవాళ్ళు కారు.

2009లో హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలున్న బృందం ఒక సంగతి బయటపెట్టింది. మైబీపీసీ3 అనే జన్యువులో 25 అక్షరాలు లోపిస్తే గుండె కండరం బలహీనపడే ముప్పు పెరుగుతుందట. మనదేశంలో ఇంచుమించు నూటికి నలుగురిలో ఆ లోపముంది. ఎలా పట్టారు? రోగుల్లో ఎందరికుంది, జబ్బులేనివారిలో ఎందరికుంది అని పక్కపక్కన లెక్కించారు. మనం పరీక్ష కోసం బట్టీపట్టే సంభావ్యతే! ఆరోగ్యవంతుల నెత్తురు లేకుంటే ఆ లెక్కే తేలదన్నది మాకు భలే నచ్చింది. లోపమున్నవాళ్ళందరికీ జబ్బు రాదు.

మా నాన్నలకు అది ఉందో లేదో ఇక తెలియదు. తమ్ముళ్ళూ, డిగ్రీలో స్టాటిస్టిక్స్ సీటొస్తే వదలకండి. మేమిద్దరం ఈ సంక్రాంతికి ఎకో తీయించుకుంటున్నాం.